గుంటగలగర: గుర్తుపట్టడం నుంచి నూనె, కాటుక దాకా

తలకు రాసుకునే గుంటగలగర నూనె చెడిపోయిందనో, ఏ ప్రయోజనమూ కనబడలేదనో చెప్పేవారిని కాస్త వివరంగా అడిగితే, పొరపాటు దాదాపు ప్రతిసారీ రెండు చోట్లలో ఒకచోట బయటపడుతుంది. తెచ్చిన ఆకు అసలు గుంటగలగర కాకపోవడం ఒకటి, కాచిన నూనెలో నీరు మిగిలిపోవడం రెండోది. ఈ రెండింటినీ దాటగలిగితే మిగిలిన పని ఓపిక ఉన్న ఎవరికైనా చేతనవుతుంది. అందుచేత మొక్కను గుర్తుపట్టడానికీ, పాకం, అంటే నూనె సరిగ్గా కాగిందో లేదో, చూసుకోవడానికీ ఇక్కడ ఎక్కువ చోటు ఇచ్చాను.

మొక్కను గుర్తుపట్టడం

గుంటగలగర చామంతి, బంతి, పొద్దుతిరుగుడు ఉన్న కుటుంబానికే చెందిన అడవి మొక్క. సంస్కృతంలో దీన్ని భృంగరాజమనీ, కేశరాజమనీ అంటారు. తమిళులకు ఇది కరిసలాంగణ్ణి, మలయాళీలకు కయ్యోన్ని, కన్నడిగులకు గరుగ. ఎవరూ విత్తకుండానే వరి మడుల గట్ల మీద, చెరువు కట్టల కింద, కాలవ ఒడ్డున, వాన నీరు నిలిచి ఇంకిన పల్లపు నేలల్లో ఇది మొలుస్తుంది. ఎండ తగిలే చోట నేలను అంటుకుని పాకుతుంది, పక్కన గడ్డి ఒత్తుగా ఉంటే దానితో పోటీపడి మోకాలి ఎత్తు దాకా నిలబడుతుంది. కాబట్టి ఎత్తును బట్టి దీన్ని పోల్చుకోవాలని చూడకండి.

ముందుగా ఆకులను చూడండి. అవి కాండానికి రెండు పక్కలా ఎదురెదురుగా, తొడిమ దాదాపు లేకుండా, రెండు చివరలా సన్నబడి ఉంటాయి. వేలితో రుద్దితే ఇరువైపులా గరుకుగా తగులుతాయి. కాండం మీద పొట్టిగా, తెల్లగా, అణిగి ఉన్న నూగు కనబడుతుంది, ముదిరిన కాండం కొంత ఎర్రబారుతుంది. ఆ తరువాత పువ్వును చూడండి. ఆకు కాండాన్ని కలిసే చోట నుంచి సన్నని కాడ మీద ఒకటో రెండో తెల్లని పూలు వస్తాయి. ఒక్కొక్కటి చొక్కా గుండీ అంత కూడా ఉండదు. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి అతి చిన్న పూల గుంపు. అంచు చుట్టూ దారపు పోగుల్లాంటి తెల్లని రేకలు, మధ్యలో చిన్న చిన్న గొట్టాల్లాంటి పూలు ఉంటాయి. రేకలు రాలిన తరువాత మిగిలే పచ్చని బిళ్ళను దగ్గరగా చూస్తే, లోపల గింజలు వరుసగా పేర్చిన బుల్లి పొద్దుతిరుగుడు తల గుర్తుకు వస్తుంది.

ఆ గింజల దగ్గర ఇంకొక మంచి గుర్తు ఉంది. ఈ కుటుంబంలోని చాలా మొక్కల గింజలకు గాలిలో ఎగరడానికి దూది కుచ్చు ఉంటుంది, గుంటగలగర గింజకు అది ఉండదు. 1771లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ ఈ మొక్కకు పెట్టిన ఎక్లిప్టా అనే పేరుకు గ్రీకు భాషలో ‘లోపించినది’ అనే అర్థం రావడానికి కారణం ఆ కుచ్చు లేకపోవడమే. గింజను అరచేతిలో పెట్టుకుని ఊదండి. తెల్లని కుచ్చుతో తేలిపోతే మీ చేతిలో ఉన్నది వేరే మొక్క.

చివరి పరీక్ష అన్నిటికన్నా నమ్మకమైనది. లేత కాండాన్ని తుంచి, తుంచిన చోట వేళ్ళతో గట్టిగా నలపండి. మొదట మామూలు పచ్చని పసరే వస్తుంది. అలాగే పట్టుకుని చూస్తూ ఉంటే, గాలి తగిలే కొద్దీ ఆ పసరు ముదురు ఆకుపచ్చలోకి, అక్కడి నుంచి నీలం కలిసిన నలుపులోకి మారుతుంది. బొటనవేలి గీతల్లోకి ఎక్కిన ఆ నలుపు సబ్బుతో ఒక్కసారి కడిగితే పోదు. పూర్వం పచ్చబొట్లు పొడిచేవారు ఈ పసరును వాడింది ఆ రంగు కోసమే. పసరు నల్లబడని ఆకును, అమ్మేవారు ఎంత నమ్మకంగా చెప్పినా, నూనెకు తీసుకోకండి.

పొరపాటు పడే మొక్కలు

ఎక్కువమంది పొరబడేది గడ్డిచామంతి విషయంలో. కొన్ని ఊళ్ళలో దీన్ని గాయపాకు అంటారు, తెగిన చోట దీని పసరు పిండుతారు. దీని పువ్వు జానెడు పొడవున్న ఒంటి కాడ చివర నిలబడుతుంది, మధ్యలో పసుపు పచ్చగా ఉంటుంది, ఆకు అంచులు లోతైన రంపపు పళ్ళలా ఉంటాయి, గింజలు కుచ్చుతో ఎగురుతాయి. ఇది హాని చేసే మొక్క కాదు, కానీ దీనితో కాచిన నూనె గుంటగలగర నూనె అవదు.

హాని చేసేది వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అని కూడా పిలిచే ఈ మొక్క ఇదే కుటుంబానిది, దీని పూలు కూడా చిన్నగా, తెల్లగానే ఉంటాయి, గట్ల మీద గుంటగలగరతో కలిసి పెరుగుతుంది. దీని ఆకు మాత్రం క్యారెట్ ఆకులా సన్నసన్నగా చీలి ఉంటుంది. ఇది తగిలితే చాలామందికి చర్మం మీద దద్దుర్లు, దురద వస్తాయి, పుప్పొడి వల్ల ఆయాసం కూడా రావచ్చు. మోపులో ఒక్క కొమ్మ కలిసినా అది తలకు రాసే నూనెలోకి చేరుతుంది కాబట్టి, ఇంటికి తెచ్చిన ఆకును కొమ్మ కొమ్మగా విడదీసి చూడకుండా రోట్లో వేయకండి.

పసుపు పూల గుంటగలగర ఒకటి ఉంది, దాన్ని కూడా వైద్యంలో వాడతారు. అయితే ఈ రోజుల్లో రోడ్డు మధ్య విభాగినుల మీద, అపార్ట్‌మెంట్ల ముందు పచ్చని తివాచీలా పెంచే పసుపు పూల తీగను చూసి అదే ఇదని చాలామంది కోసుకుపోతున్నారు. ఆ తీగ ఆకు మూడు కొసలుగా చీలినట్లు ఉంటుంది, అది అందం కోసం తెచ్చిన మొక్క, దాన్ని వదిలేయండి.

పేరు వల్ల వచ్చే చిక్కు కూడా ఒకటి ఉంది. కొందరు గుంటగలగరను గుంటగలిజేరు అంటారు, కానీ గలిజేరు, అంటే అటిక మామిడి, పూర్తిగా వేరే కుటుంబపు ఆకుకూర. బజారులో ‘గలిజేరు’ అని అడిగితే వారు ఇచ్చేది ఆ కూరాకే కావచ్చు. పేరు అడిగినా, కాండం నలిపి చూసి కొనండి.

కోత

వానలు పడిన తరువాత, జులై నుంచి డిసెంబరు దాకా ఆకు లేతగా, పసరు నిండుగా ఉంటుంది. మంచు ఆరిన తరువాత, ఎండ ముదరక ముందు కోయండి. వేరుతో పెరికేయకుండా, నేలకు నాలుగు వేళ్ళ ఎత్తులో కోస్తే మొక్క మళ్ళీ చిగురిస్తుంది. పూత, గింజ ఉన్న కొమ్మలు కొన్నిటిని అక్కడే వదిలితే వచ్చే ఏడాదికి అక్కడే మొలకలు ఉంటాయి.

ఎక్కడ కోస్తున్నారన్నది మాత్రం చాలా జాగ్రత్తగా చూసుకోవాలి. ఈ మొక్కకు తేమ ఉంటే చాలు, మురుగు కాలవ పక్కన కూడా మంచి నేలలోలాగే ఏపుగా పెరుగుతుంది, ఆ నేలలో ఉన్న సీసం వంటి లోహాలను వేళ్ళతో పీల్చుకుంటుంది. పట్టణాల మురుగు కాలవల పక్కన, ఫ్యాక్టరీల నీరు పారే చోట, వాహనాలు ఆగకుండా తిరిగే రోడ్ల అంచున ఉన్నదాన్ని ముట్టకండి. వరి గట్ల మీద కోసేటప్పుడు ఆ రైతును అడగండి, ఎందుకంటే వరికి ఇది కలుపు, కలుపు మందు కొట్టిన గట్టు మీద కూడా ఆకు రెండు మూడు రోజులు పచ్చగానే కనబడుతుంది.

తెచ్చిన ఆకును వెడల్పాటి పాత్రలో నీళ్ళు మార్చి మూడుసార్లు కడగండి. అడుగున మట్టి కనబడనంత వరకు కడిగి, ఉప్పు వేసిన నీళ్ళలో పది నిమిషాలు ఉంచి తీసి, నీడలో పాత పంచె మీద పరిచి పైతడి ఆరనివ్వండి. ఆకు వాడిపోకూడదు, తడి మాత్రం పోవాలి.

నూనె కాచడం

ఆయుర్వేదంలో నూనె పాకానికి ఒక లెక్క ఉంది. స్వరసంతో, అంటే పచ్చి ఆకు రసంతో కాచేటప్పుడు నూనె ఒక వంతు అయితే రసం నాలుగు వంతులు, ముద్దగా నూరిన ఆకు నూనెలో ఎనిమిదో వంతు ఉండాలి. ఇంటికి సరిపోయేలా చెప్పుకుంటే 250 మిల్లీలీటర్ల నువ్వుల నూనెకు ఒక లీటరు రసం, 30 గ్రాముల ఆకు ముద్ద. కొబ్బరినూనె వాడే అలవాటు ఉన్నవారు అదే కొలత వాడవచ్చు. ఏ నూనె అయినా గానుగ నూనె, అందులోనూ వాసన మారని కొత్త నూనె తీసుకోండి.

ఒక లీటరు రసానికి ఎంత ఆకు కావాలన్నది ఆకు లేతదనాన్ని బట్టి ఉంటుంది. వానాకాలపు లేత ఆకు అయితే సుమారు రెండు కిలోలు సరిపోతుంది. ఆకును కొంచెం కొంచెంగా రోట్లో దంచండి, లేదా మిక్సీలో వేయండి. మరీ పొడిగా ఉంటే అరగ్లాసు నీళ్ళకు మించకుండా కలపవచ్చు. పలుచని గుడ్డలో వేసి పిండి, రసాన్ని కొలిచి పెట్టుకోండి. రసం గిన్నెలో ఉండగానే నల్లబడటం మొదలవుతుంది, దానికి కంగారుపడనక్కరలేదు. పిండిన పిప్పిని ముద్దకు వాడకండి, ముద్ద కోసం 30 గ్రాముల తాజా ఆకును విడిగా, నీళ్ళు లేకుండా మెత్తగా నూరండి.

పాత్ర అడుగు మందంగా, రసం పొంగినా పారిపోనంత లోతుగా ఉండాలి. ఇనుప మూకుడు ఉంటే మరీ మంచిది. నూనె, ముద్ద, రసం మూడూ చల్లగా ఉన్నప్పుడే కలిపి, ఆ తరువాత సన్నని సెగ మీద పెట్టండి. కాగిన నూనెలో రసం పోస్తే మీదికి చిమ్మి చర్మం కాలుతుంది. మొదటి గంటంతా పాత్రలో ఉడికేది నీరే కనుక పెద్దగా చూసేది ఏమీ ఉండదు, అప్పుడప్పుడు అడుగంటకుండా చెక్క గరిటెతో కలిపితే చాలు. నీరు తగ్గి ముద్ద అడుగున చేరడం మొదలైన దగ్గర నుంచి మాత్రం పొయ్యి దగ్గర నుంచి కదలకండి. పాకం తప్పేది ఆ చివరి పావుగంటలోనే.

నేను మొదటిసారి కాచినప్పుడు బుడగలు తగ్గగానే అయిపోయిందనుకుని దించేశాను. సీసాలో పోసిన రెండు వారాలకు అడుగున మసకగా పొర కట్టి, మూత తీయగానే పులిసిన వాసన వచ్చింది, ఎంతో శ్రమపడి తెచ్చిన ఆకంతా వృథా అయింది. అప్పటి నుంచి కింద చెప్పిన మూడు పరీక్షలూ నిలబడితేనే దించుతాను.

మొదటిది ముద్దను చేత్తో చూడటం. గరిటె చివరన కొంచెం ముద్ద తీసి, చల్లారనిచ్చి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలపండి. అది వేళ్ళకు జిగటగా అంటుకుంటే ఇంకా నీరు ఉంది. వేళ్ళకు అంటకుండా వత్తిలా సన్నగా సాగితే పాకం అందినట్టు. పొడిపొడిగా రాలిపోతే సమయం దాటుతోంది. రెండోది నిప్పు పరీక్ష. అదే వత్తిని ఒక పుల్లకు గుచ్చి దీపం మంటలో పెట్టి చెవి అటు పెట్టండి. నీరు ఉంటే చిటపటమంటుంది, లేకపోతే చప్పుడు లేకుండా మెత్తగా అంటుకుని మండుతుంది. ముఖాన్ని దూరంగా ఉంచి చేయండి. మూడోది నురుగు. నేతితో కాచే మందుల్లో పాకం పూర్తయ్యేసరికి నురుగు అణిగిపోతుంది, నూనెలో అందుకు విరుద్ధంగా పాకం అందే వేళకు పైన తెల్లని సన్న నురుగు లేస్తుంది. ఈ తేడా తెలియక నెయ్యి అలవాటుతో నూనె కాచేవారు నురుగు లేవగానే ఏదో చెడిందని భయపడతారు.

ఈ పాకాన్ని మృదువు (ముద్ద ఇంకా జిగటగా ఉన్నది), మధ్యమం (అంటకుండా వత్తిలా సాగేది), ఖరం (ముద్ద గట్టిపడినది) అని మూడుగా చెబుతారు. తలకు రాసే నూనె మధ్యమం దాటి కొద్దిగా ఖరం వైపు వెళ్ళినా దోషం లేదు, ముద్ద మాత్రం మాడకూడదు. మాడిన వాసన నూనెలోకి ఎక్కిందంటే దాన్ని బాగుచేయడానికి మార్గం లేదు.

గోరువెచ్చగా ఉండగానే పొడి గుడ్డలో వడకట్టండి. ఎండలో ఆరబెట్టిన గాజు సీసాలో పోసి, పూర్తిగా చల్లారిన తరువాతే మూత పెట్టండి. వేడి మీద మూత పెడితే లోపల చెమర్చిన నీటి చుక్కలు నూనెలోకే దిగుతాయి. సీసాలో తడి చేయి, తడి చెంచా ఎప్పుడూ పెట్టకండి. ఆరు నెలలకు సరిపడా మాత్రమే కాచుకోవడం మంచి పద్ధతి.

వాడకం, ఎంతవరకు ఆశించవచ్చు

మొదటిసారి వాడేవారు మోచేతి లోపలి వైపు ఒక చుక్క రాసి ఒక రోజు చూడండి. చామంతి కుటుంబపు మొక్కలు పడనివారు కొందరు ఉంటారు. దురద, ఎర్రదనం లేకపోతే వారానికి రెండుసార్లు, తలస్నానానికి గంట ముందు, గోరువెచ్చని నూనెను వేళ్ళ కొసలతో కుదుళ్ళకు పట్టించండి.

దీని గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఎలుకల మీద జరిపిన ప్రయోగాల్లో ఈ మొక్క సారం వెంట్రుకల పెరుగుదలకు తోడ్పడినట్లు కనబడింది, మనుషుల మీద అంత గట్టి రుజువు ఇంకా లేదు. పొడిబారిన మాడు మెత్తబడటం, చిక్కు తగ్గడం, తల చల్లగా అనిపించడం వాడిన చాలామందికి అనుభవమే. బట్టతల మీద జుట్టు మొలుస్తుందనీ, నెరిసినది కుదురు నుంచి నల్లగా వస్తుందనీ చెప్పే మాటలను నమ్మి డబ్బు ఖర్చు పెట్టకండి. జుట్టు ఉన్నట్టుండి కుచ్చులుగా ఊడుతుంటే రక్తహీనత, థైరాయిడ్ వంటి కారణాలు ఉండవచ్చు, అప్పుడు ముందు చూపించుకోవలసింది వైద్యులకు.

పచ్చి ఆకు దొరకని నెలల కోసం ఆకును నీడలో నాలుగైదు రోజులు, చేత్తో నలిపితే గలగలమనేదాకా ఆరబెట్టి పొడి చేసుకోవచ్చు. గోరింటాకుతో కలిపి ఇనుప మూకుడులో రాత్రంతా నానబెట్టి తలకు పెట్టుకోవడానికి ఈ పొడి బాగుంటుంది. నూనెకు మాత్రం పచ్చి రసానికి సాటి రాదు.

కాటుక పట్టడం

మన ఇళ్ళలో చాలాచోట్ల పూర్వం కాటుక భరిణెలోకి వచ్చేది ఈ ఆకు నుంచే. పలుచని తెల్ల నూలు గుడ్డను, అంటే బాగా ఉతికిన పాత పంచె ముక్కను, తాజా రసంలో ముంచి నీడలో ఆరబెట్టండి. ఆరిన తరువాత మళ్ళీ తాజా రసంలో ముంచి మళ్ళీ ఆరబెట్టండి, ఇలా కనీసం మూడుసార్లు చేస్తే గుడ్డ గట్టిగా, నల్లని ఆకుపచ్చగా తయారవుతుంది. దాన్ని చుట్టి వత్తి చేసి, ప్రమిదలో స్వచ్ఛమైన ఆముదం పోసి వెలిగించండి. ప్రమిదకు రెండు పక్కలా రెండు ఇటుకలు పెట్టి, వాటి మీద శుభ్రంగా తోమిన ఇత్తడి పళ్ళాన్ని బోర్లించండి. మంట కొసకూ పళ్ళానికీ మధ్య రెండు వేళ్ళ ఎడం ఉండాలి, మరీ దగ్గరైతే దీపం ఆరిపోతుంది, దూరమైతే మసి గాలిలో కలిసిపోతుంది. గాలి వీచని చోట, కర్టెన్లకు, పిల్లలకు దూరంగా, మనిషి మెలకువగా ఉన్న వేళలోనే వెలిగించండి. రాత్రంతా వదిలేసి నిద్రపోయే పాత అలవాటు వద్దు. పళ్ళెం చల్లారాక పట్టులా మెత్తగా అంటుకున్న మసిని పొడి చెంచాతో గీకి, రెండు చుక్కల ఆముదంతోనో, ఆవు నేతితోనో రంగరించండి.

ఈ కాటుకను పసిపిల్లల కళ్ళలో పెట్టవద్దు. ఇంట్లో పట్టినదైనా, కొన్నదైనా పెట్టవద్దనే పిల్లల వైద్యులు చెబుతారు. వేలితో రాసేటప్పుడు సూక్ష్మక్రిములు కంటిలోకి చేరతాయి, మసి రేణువులు లేత కంటిని ఒరుస్తాయి, బజారు కాటుకల్లో కొన్నిటిలో సీసం బయటపడింది కూడా. బిడ్డకు దిష్టిచుక్క పెట్టాలనుకుంటే అరికాలిలో పెట్టండి, చెంప మీద పెడితే చెయ్యి తగిలి కంట్లోకి పోతుంది. పెద్దవారు రెప్ప వెంట్రుకల వెలుపలి అంచుకు మాత్రమే రాసుకుని, పడుకునే ముందు తుడిచేయడం మంచిది.

తినడం, పసరు తాగడం

లేత ఆకును పప్పులోనూ, పచ్చడిగానూ వండుకునేవారు ఉన్నారు. కొద్దిపాటి చేదు ఉంటుంది కాబట్టి చింతపండు, ఎండుమిర్చి ధారాళంగా పడాలి. ఎప్పుడో ఒకసారి కూరగా తినడం వేరు, మందుగా రోజూ పసరు తాగడం వేరు. గర్భిణులు, కాలేయానికి, రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారు వైద్యుడిని అడగకుండా దీన్ని తాగకూడదు.

కామెర్లకు ఈ పసరు ఇచ్చే ఆచారం మన పల్లెల్లో ఎంతో కాలంగా ఉంది. కామెర్లు ఒకే జబ్బు కాదు. కలుషిత నీటి వల్ల వచ్చే హెపటైటిస్ చాలామందికి దానంతటదే తగ్గుతుంది, ఆ తగ్గుదల పసరు ఖాతాలో పడుతుంది. దీర్ఘకాలంగా ఉండిపోయిన హెపటైటిస్ బి, పిత్తనాళంలో రాయి, కాలేయం గట్టిపడటం అలా తగ్గవు, పసరు కోసం పోగొట్టుకున్న రెండు వారాలు ప్రాణం మీదికి తెస్తాయి. కళ్ళు పచ్చబడితే ముందు రక్తపరీక్ష చేయించండి, ఆ తరువాతే మరే ఆలోచనైనా.

కుండీలో పెంచుకోవడం

మంచి చోట ఆకు దొరకడం ఏటికేడాది కష్టమవుతోంది కాబట్టి, ఒక కుండీలో పెంచుకోవడం అన్నిటికన్నా నిశ్చింత. నలిపి, ఊది, రూఢి చేసుకున్న మొక్క నుంచి జానెడు కొమ్మలు నాలుగు తెచ్చి, రెండు కణుపులు మట్టిలో ఉండేలా ఏటవాలుగా గుచ్చండి. చెరువు మట్టి, మాగిన పశువుల ఎరువు సగం సగం కలిపిన మట్టి దీనికి బాగా నచ్చుతుంది. వారం పది రోజుల్లో కణుపుల దగ్గర వేళ్ళు పడతాయి. కుండీ కింద పళ్ళెంలో ఎప్పుడూ రెండు వేళ్ళ నీళ్ళు ఉంచండి, దోమలు పెరగకుండా మూడు రోజులకొకసారి ఆ నీళ్ళు మార్చండి. మొదటి కోత నెలన్నరకు వస్తుంది, పై కొమ్మలు కోసిన కొద్దీ పక్కలకు గుబురుగా విస్తరిస్తుంది. వెడల్పాటి కుండీలు నాలుగైదు ఉంటే వాటి రెండు మూడు కోతల మీద ఒక లీటరు రసం సమకూర్చుకోవచ్చు, కానీ అంత ఆకు ఒక్కసారే రాదు; అందుకని మొదటి ఏడాది 60 మిల్లీలీటర్ల నూనెకు పావు లీటరు రసం, చెంచాడు ముద్దతో మొదలుపెట్టి, పాకం చెయ్యి తిరిగిన తరువాత కొలత పెంచుకోండి.